సీట్ల బాజీ

రేపల్లెలో బాజీ పేరున్నవాళ్ళు చాలామంది. ఉత్త బాజీ అంటే ఏ బాజీ అని అడుగుతారు. సీట్ల బాజీ అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా బస్టాండు ఎదురు సందులోకి తీసుకెళ్ళి కొట్టు ముందు దిగబెట్టేవాళ్ళు. ఆటో సీటు చిరిగినా, ట్రాక్టరు సీటు కుంగినా, స్కూలు బస్సులో స్పాంజి ఊడి కింద ఇనుము తగులుతున్నా ఆయన దగ్గరికే రావాలి. వాళ్ళ తాత దూదేకి పరుపులు కుట్టేవాడు. రెడీమేడ్ పరుపులొచ్చి ఆ పని తగ్గాక తండ్రి సీట్లలోకి దిగాడు. బాజీకి మీసాలు రాకముందే దబ్బనం చేతికొచ్చింది.

ఆయనకో అలవాటుండేది. పెళ్ళికెళ్ళినా, డాక్టరు దగ్గరికెళ్ళినా, కూర్చునే ముందు సీటుని బొటనవేలితో ఒకసారి నొక్కి చూసేవాడు. కూర్చున్నాక వీపు ఎక్కడ ఆనింది, మోకాలు ఎక్కడ వంగింది చూసుకునేవాడు. భార్య షంషున్నీసా సిగ్గుపడిపోయేది.

"పెళ్ళివాళ్ళ కుర్చీలతో నీకేంటి పని? నలుగురూ చూస్తున్నారు."

"చూడనీ. ఈ కుర్చీ మీద అరగంట కూర్చుంటే పెద్దాళ్ళకి నడుం పట్టేస్తుంది. చెప్పొద్దా?"

షంషున్నీసాది పిట్టలవానిపాలెం. పెళ్ళై వచ్చిన ఏడాదే మిషను నేర్చుకుంది. కవర్లు ఆవిడ కుట్టేది, వాటిని లాగి చట్రానికి బిగించడం ఆయన పని. రోజంతా నేల మీద కూర్చుని, ఒక కాలితో చట్రాన్ని తొక్కిపెట్టి, రెండు చేతుల్తో రెగ్జిన్ లాగి మేకులు కొట్టాలి. నలభై దాటేసరికి ఆయనకి నడుము, మోకాళ్ళు పోయాయి. మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని వేసుకునేవాడు. పొద్దున ఒకటి, పని ఎక్కువైతే మధ్యాహ్నం ఇంకొకటి. ఒక్కగానొక్క కూతురు ఆఫ్రీన్‌ని బాపట్లలో ఇచ్చారు. అల్లుడు నాసిర్ అక్కడ ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాడు. నెమ్మదైనవాడు. కూతురి పెళ్ళి కూడా అయిపోయింది, ఇంక మనకేం బాధలున్నాయి అనుకున్నారు మొగుడూ పెళ్ళాలు.

ఒక వేసవిలో బాజీకి కాళ్ళు వాచాయి. చెప్పులు పట్టలేదు. మొహం కూడా ఉబ్బింది. తెనాలి తీసుకెళ్తే డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, ఆయన మొహం చూసి, మళ్ళీ కాగితం చూశాడు.

"నొప్పి బిళ్ళలు ఎన్నాళ్ళనుంచి వేసుకుంటున్నావయ్యా?"

"పనిలో కూర్చున్నప్పట్నుంచీ అండి. బిళ్ళ వేసుకోకపోతే కూర్చోలేనండి. కూర్చోకపోతే పని కాదండి."

రెండు కిడ్నీలూ పోయాయని చెప్పారు. రోజు విడిచి రోజు రక్తం శుద్ధి చేయించుకోవాలి. రేపల్లెలో ఆయనకి చోటు దొరకలేదు, తెనాలిలో దొరికింది. ఖర్చు సర్కారే పెట్టుకుంది. ఎడమ చేతికి చిన్న ఆపరేషన్ చేసి, రక్తనాళాలు రెండిటిని ఒకదానికొకటి కలిపి కుట్టారు. డయాలసిస్ సూది అక్కడ గుచ్చుతారు. ఆ చెయ్యి మీద బరువు పడకూడదు, ఆ వైపు తిరిగి పడుకోకూడదు, వాచీ కూడా బిగుతుగా పెట్టుకోకూడదు అని పదిసార్లు చెప్పి పంపారు. కుట్టిన చోట చెయ్యి పెడితే చర్మం కింద సన్నగా జుయ్యిమని వణుకు తెలిసేది. బాజీ దాన్ని భార్యకి చూపించాడు.

"చూడు షంషూ, నీ మిషను మోటారు లాగే లేదూ? ఇది తిరిగినన్నాళ్ళూ నాకేం కాదంట."

అలా రైలు ప్రయాణాలు మొదలయ్యాయి. రేపల్లెలో పొద్దున బండి ఎక్కి తెనాలి వెళ్ళడం, సాయంత్రం బండికి తిరిగి రావడం. వెళ్ళేటప్పుడు పెద్ద ఇబ్బంది లేదు. వచ్చేటప్పుడే ప్రాణం మీదికొచ్చేది. నాలుగు గంటలు మిషను మీద ఉండి లేచాక ఆయనకి బీపీ పడిపోయేది, కాళ్ళు పట్టేసేవి. తల నిలబెట్టి కూర్చోగలిగేవాడు కాదు. ఎక్కడో ఒకచోట నడుం వాల్చాలి. అప్పుడు నడిచిన కరెంటు బండిలో సీట్లు ఎదురెదురుగా ఉండేవి. ముగ్గురు పట్టే సీటొకటి, దానికెదురుగా ముగ్గురు పట్టేది ఇంకొకటి, పక్కన కిటికీ. ఆయన ఒక సీటు మీద మోకాళ్ళు ముడుచుకుని, తల భార్య ఒళ్ళో పెట్టుకుని పడుకునేవాడు. ఎడమ చెయ్యి కిటికీ వైపు, గోడ చాటున ఉండేలా ఆవిడ చూసుకునేది. ఎవరి కాలూ తగలదు, ఎవరి సంచీ తగలదు.

ఆ సీటు ఖాళీగా దొరకడం స్వర్ణలత చలవ. ఆవిడ తెనాలిలో ఒక ఆఫీసులో గుమాస్తా, రోజూ రేపల్లె నుంచి వచ్చిపోతుంది. మొదటిసారి బాజీని ఆ స్థితిలో చూసినప్పుడు తనే లేచి నిలబడింది. ఆ తర్వాత్నుంచి బండి తెనాలికి రాగానే ముందు తను ఎక్కి, సీటు మీద తన సంచీ, గొడుగు, చున్నీ పరిచి కాపలా కూర్చునేది.

"ఇక్కడ మనిషున్నారండి" అనేది ఎవరొచ్చినా.

"ఏరండీ?"

"వస్తున్నారు. ఆరోగ్యం బాగాలేదు. మీరలా కూర్చోండి బాబూ."

భట్టిప్రోలులో దిగే జాన్సన్ మాస్టారు కూడా ఆ పెట్టెలోనే ఎక్కేవాడు. బాజీ పిక్కలు పట్టేసి మూలుగుతుంటే ఒకరోజు ఆయన కాళ్ళు తీసి తన ఒళ్ళో పెట్టుకుని నొక్కసాగాడు. బాజీ కంగారుపడి కాళ్ళు వెనక్కి లాక్కోబోయాడు.

"మాస్టారూ, తప్పండి, వదలండి."

"పడుకో బాజీ. నా స్కూటర్ సీటు నువ్వు కుట్టిందే. ఏడేళ్ళ నుంచి దాని మీద కూర్చుంటున్నా. కాసేపు నీ కాళ్ళు పడితే అరిగిపోతానా?"

వేమూరు దాటేసరికి బాజీ కాస్త తెరిపిన పడేవాడు. లేచి కూర్చుని మాట్లాడేవాడు. ఆ సీట్ల గురించే చెప్పేవాడు. వీపు కొంచెం వాలుగా ఉంటే బాగుండేదని, స్పాంజి అణిగిపోయినా చట్రం మాత్రం గట్టిదని. స్వర్ణలత నవ్వి, "అన్నయ్యా, రైల్వేవాళ్ళు నిన్ను పెట్టుకోవాల్సింది" అనేది. షంషున్నీసా డబ్బాలోంచి ఇంత మరమరాల ఉప్మా తీసి అందరికీ పెట్టేది. ఆయన తినకూడనివి చాలా ఉన్నాయి, తాగే నీళ్ళకి కూడా కొలతే. అందుకని ఆయన అటు తిరిగి కిటికీలోంచి చేలు చూసేవాడు. జబ్బు మనిషిలా కాక ఊరెళ్ళొస్తున్న మనిషిలా ఆయన కనిపించేది ఆ కాసేపే.

తర్వాత కొత్త రకం బండి వచ్చింది.

అది మొదటిసారి తెనాలి ప్లాట్‌ఫారం మీదికి వచ్చిన రోజు స్వర్ణలత ఎప్పటిలాగే ముందు ఎక్కి, లోపల అలాగే నిలబడిపోయింది. ఎదురెదురు సీట్లు లేవు. ఇటు కిటికీల పొడుగునా ఒక వరస, అటు కిటికీల పొడుగునా ఒక వరస. మధ్యంతా ఖాళీ. పైన పట్టుకోవడానికి వేలాడే పిడులు. సీటు కూడా ఒకటే బల్లలా లేదు. గట్టి ప్లాస్టిక్‌తో మనిషికో గుంటలా పోతపోసి ఉంది. గుంటకీ గుంటకీ మధ్య గట్టు. దాని మీద పడుకుంటే గట్లు పక్కటెముకల్లోకి దిగుతాయి.

కాలేజీ పిల్లలకి అది నచ్చింది. నిలబడటానికి బోలెడు చోటు. ఎక్కడం, దిగడం తేలిక. బాజీ కూడా ఆ బండిని తిట్టలేదు. భార్య భుజం పట్టుకుని నిలబడి, సీటుని బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు దిగలేదు.

"వాళ్ళ తప్పేం లేదు" అన్నాడు. "జనం పెరిగారు. ఎక్కువమంది పట్టాలంటే ఎవరైనా ఇలాగే చేస్తారు. నన్ను చెయ్యమన్నా ఇలాగే చేసేవాణ్ణి. నిలబడగలిగినవాళ్ళ కోసం చేసింది ఇది."

ఆ రోజు రేపల్లె దాకా కూర్చునే వచ్చాడు. కిటికీకి వీపు పెట్టి కూర్చోవాలి కాబట్టి తల ఆనించడానికి ఏమీ లేదు. బండి బ్రేకు వేసినప్పుడల్లా మనిషి పక్కకి ఒరిగేవాడు. ఎదురుగా నిలబడ్డవాళ్ళ సంచులు మొహానికి తగిలేవి. రేపల్లెలో దిగాక ప్లాట్‌ఫారం మీదే పడుకుండిపోయాడు. చీకటి పడేదాకా లేవలేకపోయాడు.

అప్పట్నుంచి ఏ రోజు ఏ రకం వస్తుందో తెలిసేది కాదు. ఒకరోజు పాతది, ఒకరోజు కొత్తది, ఒక్కోరోజు కొత్త పెట్టెల చివర పాత పెట్టె ఒకటో రెండో. పాత పెట్టె కనిపిస్తే స్వర్ణలత చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తేది. ఒకసారి జాన్సన్ మాస్టారు, ఆవిడ కలిసి స్టేషన్లో అడిగారు, సాయంత్రం బండికైనా పాతది వేయించలేరా అని. అక్కడున్నాయన మర్యాదగానే చెప్పాడు.

"ఏ బండి వస్తుందో అది వచ్చేదాకా నాకూ తెలీదమ్మా. అదంతా పైనుంచి వస్తుంది. పేషెంటు ఉన్నారని చెబుతాను, చెప్పడం వరకే నా చేతిలో ఉంది."

వర్షాకాలం వెళ్ళిపోతున్న రోజుల్లో ఒక సాయంత్రం స్వర్ణలత సెలవులో ఉంది. మాస్టారు కూడా రాలేదు. డయాలసిస్ అయ్యాక బాజీని ఆటోలో స్టేషన్‌కి తెచ్చి, ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చోబెట్టింది షంషున్నీసా. బండి వచ్చింది. అన్నీ కొత్త పెట్టెలే. ఆవిడ చివరిదాకా తొంగి చూసి వచ్చింది.

"పోనీలే షంషూ" అన్నాడు బాజీ. "తర్వాత బండికి పోదాం. అది పాతదొస్తుందేమో. ఇక్కడ బల్ల మీద పడుకుంటా."

దాని తర్వాత బండి రాత్రికి గాని లేదు. ఆయన పొద్దున్నుంచి ఏమీ తినలేదు. దోమలు ముసురుతున్నాయి. రాత్రిపూట ఒంట్లో తేడా చేస్తే తెనాలిలో తనకెవరున్నారు అనుకుంది షంషున్నీసా.

"గంటసేపు ఓర్చుకోవయ్యా, ఇంటికెళ్ళిపోదాం. తర్వాతది కూడా ఇలాంటిదే వస్తే ఏం చేస్తావు? లే, లే."

ఆయన భార్య భుజం పట్టుకున్నాడు. లేచాడు.

వరస మధ్యలో రెండు చోట్లు దొరికాయి. ఆవిడ ఆయనకి ఎడమ పక్కన కూర్చుని ఆ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. జంపనిలో జనం ఇంకా ఎక్కారు. చంటిపిల్లని ఎత్తుకున్న ఒక పిల్లతల్లి సరిగ్గా వాళ్ళ ముందు తూలుతూ నిలబడింది. షంషున్నీసా చూస్తూ కూర్చోలేకపోయింది. లేచి ఆ తల్లికి చోటిచ్చి, తను ఎదురుగా పిడి పట్టుకుని నిలబడింది. వేమూరు దగ్గర బండి గట్టిగా బ్రేకు వేసింది. నిలబడ్డవాళ్ళంతా ఒక్కసారి ముందుకి తూగారు. భుజాన బియ్యం బస్తా ఉన్న మనిషొకడు పట్టు తప్పి, బస్తాతో సహా బాజీకీ పిల్లతల్లికీ మధ్య, ఆయన ఎడమ చేతి మీద పడ్డాడు. చెయ్యి బస్తాకీ, సీటు గట్టుకీ మధ్య నలిగింది.

"అయ్యయ్యో, బాబాయ్, తగిలిందా? క్షమించు బాబాయ్" అన్నాడు ఆ మనిషి. వాడి మొహం కూడా పాలిపోయింది.

"ఏం లేదులే, నీ తప్పేముంది" అన్నాడు బాజీ.

భట్టిప్రోలు దాటాక జనం కాస్త పల్చబడ్డారు. బాజీ భార్య చెయ్యి పట్టుకుని తన చేతి మీద పెట్టుకున్నాడు. ఆవిడ వేళ్ళు అటూ ఇటూ జరిపింది. అరచెయ్యి మొత్తం ఆనించింది. చర్మం వెచ్చగానే ఉంది. లోపల వణుకు లేదు.

"ఆగిపోయింది షంషూ" అన్నాడాయన.

మర్నాడు తెనాలిలో చూసి గుంటూరు పంపారు. రక్తం గడ్డకట్టింది, ఇంక ఆ చెయ్యి పనికిరాదు అన్నారు. కుడి చేతి నరాలు సన్నగా ఉన్నాయి, కుట్టినా నిలవలేదు. మెడ దగ్గర గొట్టం వేసి దాంట్లోంచి చేయడం మొదలుపెట్టారు. ఆ గొట్టానికి తడి తగలకూడదు, దుమ్ము తగలకూడదు. ఎంత జాగ్రత్తగా చూసుకున్నా రెండుసార్లు చలిజ్వరం వచ్చింది. రెండోసారి మనిషి సగమయ్యాడు.

ఆఫ్రీన్ వచ్చి ఇద్దర్నీ బాపట్ల తీసుకెళ్ళింది. అక్కడా డయాలసిస్ ఉంది, రైలు గొడవ ఉండదు. నాసిర్ ఎక్కడెక్కడో తిరిగి ఊరెళ్ళిన ఒక రోగి చోట్లో మామగారికి కొన్నాళ్ళు వీలు చేయించాడు. వాళ్ళది ఒకే గది ఇల్లు. మామగారికి మంచం ఇచ్చి నాసిర్ వరండాలో పడుకునేవాడు. వానొస్తే చాప చుట్టుకుని కూర్చునేవాడు. ఊరెళ్ళిన రోగి తిరిగొచ్చాక బాజీకి చోటు పోయింది. ఎవరైనా మానేస్తే పిలుస్తామన్నారు. అక్కడ మానేయడమంటే ఏంటో అందరికీ తెలుసు. బాజీ ఆ మాట విని తలదించుకున్నాడు. ఒకడు పోతే గాని నాకు చోటు రాదు, దానికోసం ఎదురుచూస్తూ అల్లుణ్ణి వానలో కూర్చోబెట్టలేను అన్నాడు కూతురితో. బస్సెక్కి రేపల్లె వచ్చేశారు.

మళ్ళీ తెనాలి ప్రయాణాలు. అప్పటికి సాయంత్రం బండికి పాత పెట్టెలు రావడం దాదాపు ఆగిపోయింది. మెడలో గొట్టంతో, నిలబడ్డ జనం మధ్య ఆయన్ని కూర్చోబెట్టి తేవడమంటే షంషున్నీసాకి గుండెలు అదిరేవి. స్వర్ణలత, మాస్టారు ఆయనకి అటొకరు ఇటొకరు కూర్చుని, ముందు షంషున్నీసా నిలబడి, ముగ్గురూ గోడ కట్టినట్టు తెచ్చేవాళ్ళు. ఆయనతో సీట్లు కుట్టించుకునే ఆటో కిషోర్ తన బండిలో కొన్నిసార్లు తీసుకెళ్ళాడు. గుంటల రోడ్డు మీద ఆ కుదుపులకి బాజీ దారంతా వాంతులు చేసుకున్నాడు.

ఒక పొద్దున డబ్బా సర్దుతుంటే ఆయన మంచం మీంచి అన్నాడు.

"ఇవాళ రాను."

"నీరసంగా ఉందా? మాస్టారుకి ఫోన్ చేస్తా, వచ్చి పట్టుకుంటారు."

"నీరసం కాదు. ఇంక రాను షంషూ. ఇవాళే కాదు."

ఆవిడకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక డబ్బా విసిరికొట్టింది. ఏడ్చింది, తిట్టింది. కాళ్ళు పట్టుకుంది. నన్నేం చేద్దామనుకుంటున్నావని అడిగింది. ఆయన కళ్ళు మూసుకుని అన్నీ విన్నాడు.

"ఒకరోజు పోయి అక్కడ పడుకుంటున్నాను. మర్నాడంతా ఇక్కడ పడుకుని తేరుకుంటున్నాను. తేరుకునేసరికి మళ్ళీ బండి టైమవుతోంది. బతికింది ఏ రోజో చెప్పు, ఆ రోజు కోసం వస్తాను."

ఆవిడ విసిరికొట్టిన డబ్బా ఏరి తెచ్చి కడిగి బోర్లించింది.

ఆఫ్రీన్, నాసిర్ వచ్చారు. డాక్టరు ఫోన్లో మాట్లాడాడు. మాస్టారు వచ్చి మంచం పక్కన కూర్చుని తల నిమిరాడు. బాజీ ఎవరితోనూ వాదించలేదు. సాయంత్రం నీళ్ళు అడిగాడు. ఏడాదిన్నరగా చిన్న గ్లాసుతో కొలిచి ఇచ్చిన నీళ్ళు. షంషున్నీసా అలవాటుగా చిన్న గ్లాసు తెచ్చింది. చెంబు తెమ్మన్నాడు. చెంబు రెండు చేతుల్తో పట్టుకుని, గడ్డం మీంచి గుండెల మీదికి కారుతుంటే, ఊపిరి తీసుకుంటూ మొత్తం తాగాడు.

"ఇంకో చెంబు" అన్నాడు.

ఆవిడ తెచ్చిచ్చింది. ఇస్తూ తానేం చేస్తోందో ఆవిడకి తెలుసు.

తర్వాత రోజుల్లో ఒళ్ళంతా నీరు పట్టింది. పడుకుంటే ఊపిరాడక, గోడకి దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. చివర్లో మనుషుల్ని పోల్చుకోలేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం, మసీదుకెళ్ళిన నాసిర్ ఇంకా తిరిగి రాకముందే పోయాడు. ఆఫ్రీన్ కేక విని పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. షంషున్నీసా గోడ దగ్గరే కూర్చుని ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని ఉంది.

నలభయ్యో రోజు పోయినవాళ్ళ కోసం చేసే ఫాతిహా ప్రార్థనకి స్వర్ణలత వచ్చింది. అందరూ భోంచేసి వెళ్ళాక షంషున్నీసా ఆవిణ్ణి లోపలికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, నెమ్మదిగా అడిగింది.

"స్వర్ణమ్మా, ఆ రోజు తర్వాత బండి ఏ రకం వచ్చింది?"

"ఏ రోజు వదినా?"

"చెయ్యి నలిగిన రోజు. ఆయన ఆగుదామన్నాడు. నేనే లేపి ఎక్కించాను. రాత్రి బండి పాతదొచ్చిందా, కొత్తదొచ్చిందా?"

"నేనా రోజు సెలవులో ఉన్నాను వదినా. నాకెలా తెలుస్తుంది? ఆ మాటలిప్పుడెందుకు? నువ్వేం కావాలని చేశావా?"

"ఎవరికైనా తెలుస్తుందేమో కనుక్కోండి."

స్వర్ణలత కనుక్కుంటానంది. ఎవర్ని అడుగుతుంది? రోజూ వచ్చిపోయే బండి. ఏనాడో ఒక రాత్రి దాంట్లో సీట్లు ఎటు తిరిగి ఉన్నాయో ఎవరు గుర్తుపెట్టుకుంటారు? షంషున్నీసా తనే ఒకరోజు తెనాలి వెళ్ళి స్టేషన్లో అడిగింది. పల్లీలమ్మే అతన్ని, ప్లాట్‌ఫారం ఊడ్చే మనిషిని అడిగింది. ఊడ్చే ఆవిడ జాలిపడి, పాతదే అనుకుంటానమ్మా అంది. ఇంకాసేపటికి, ఏమో, కొత్తదేనేమో అంది. షంషున్నీసా అక్కడే కూలబడింది. మాస్టారు చూసి ఇంటికి తీసుకొచ్చాడు.

కొట్టు ఖాళీ చేసేశారు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. షంషున్నీసా బాపట్లలో కూతురి దగ్గరుంటోంది. జాకెట్లు కుట్టమని ఆఫ్రీన్ మిషను ముందు కూర్చోబెడితే కాసేపు కుడుతుంది, మధ్యలో ఆపేసి వాకిట్లోకి చూస్తుంది. ఎవరైనా తెనాలి నుంచి వచ్చారంటే చాలు, వాళ్ళ దగ్గరికెళ్ళి ఆ రాత్రి బండి సంగతి అడుగుతుంది. మొదట్లో ఆఫ్రీన్ కోప్పడేది.

"అది తెలిసి ఏం చేస్తావమ్మా? పాతదొచ్చిందంటే తట్టుకోగలవా? కొత్తదేనంటే నమ్ముతావా?"

ఆవిడ ఆలోచించి, రెంటికీ లేదన్నట్టు తల ఊపింది. మర్నాడు మళ్ళీ అడిగింది. ఇప్పుడు ఆఫ్రీన్ కోప్పడటం మానేసింది. అమ్మ అడిగినంతసేపూ విని, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి అన్నం పెడుతుంది. రెండు ముద్దలు తిని చాలంటుంది ఆవిడ.